నాలుగింటిలోపు సంతకం

హలో… ఆ, నేనే. కొల్పార్‌నే. చెప్పు రగియాతూ.

…ఆసుపత్రిలోనేనా? వినబడుతోందిలే డయాలసిస్ మిషను చప్పుడు. ఎన్నింటికి తగిలించారు?

…ఒంటిగంటకా. అంటే ఐదు దాకా కదల్లేవు. మంచిదే, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

…అబ్బ, సరదాకన్నాను తల్లీ. చేతికి రెండు సూదులు గుచ్చి నాలుగ్గంటలు కూర్చోబెడితే ఎవరికి సరదా చెప్పు.

…ఫోనెక్కడుంది? దిండు మీదా? సరే, అక్కడే ఉండనీ. నువ్వు చెయ్యి కదపకు. ఎప్పటిలాగే ఆఖర్న నేనే కట్ చేస్తాను. …ఆ, నేను కూడా స్పీకర్లో పెడుతున్నా, చేతిలో కాఫీ ఉంది. …లేదు లేదు, గదిలో ఎవరూ లేరు. ఒడిల్ పక్క గదిలో ఉంది. నా జూనియరు. …ఆ, ఆ పిల్లే. నీకు అరటిపళ్ళు తెచ్చిచ్చి, కిడ్నీవాళ్ళు తినకూడదని తెలిశాక మెట్ల మీద కూర్చుని ఏడ్చిందే, ఆ పిల్ల.

ఇప్పుడు చెప్పు. ఏమిటంత కంగారు?

…ఏ ఉత్తరం?

…మంత్రిత్వ శాఖ నుంచా. నీకా? నాకు పంపకుండా నీకా?

…ఎప్పుడొచ్చింది?

…నిన్న వచ్చిందా! నిన్న వచ్చిన ఉత్తరం సంగతి ఇవాళ రెండూ నలభైకి చెబుతావా?

…నిన్న నాకు ఫోన్ చేశావా. …ఆ, నిన్న నేను కోర్టుకేసుకునే నల్లగౌను కొలతలకి వెళ్ళాను. కొత్తది కుట్టిస్తున్నానన్నాగా, బుధవారానికి. …సరే, ఆ సంగతొదిలెయ్. ఇది ఆ లెక్లుజ్ పని. ప్రభుత్వం తరపు లాయరు. నాకూ ఒక కాపీ వేసే ఉంటాడు, మామూలు టపాలో, సోమవారానికి అందేలా. పదకొండేళ్ళుగా చూస్తున్నా వాణ్ణి. కోర్టు గుమ్మంలో ఎదురుపడితే నా గౌను మీద దుమ్ము దులిపి మరీ పలకరిస్తాడు.

చదువు. …మెల్లగా. నీ ఫ్రెంచి బాగానే ఉంటుంది, కంగారు పడితేనే పాడవుతుంది.

…"మానవతా కారణాలను దృష్టిలో ఉంచుకుని"… ఆహా. ఆరేళ్ళ తర్వాత దృష్టికొచ్చాయి పాపం. …కానీ. …"ఒక సంవత్సరం నివాస అనుమతి"… "పొడిగింపునకు వీలుతో"… ఊఁ. …"జతపరచిన పత్రంపై సంతకం చేసి, అసలు ప్రతిని"… "సాయంత్రం నాలుగు గంటలలోపు మునిసిపాలిటీ కార్యాలయంలో అందజేయని పక్షంలో"… తేదీ ఏం వేశాడు?

…ఇవాళే.

…

…లేదు, ఉన్నాను. వింటున్నా.

…ఏడుస్తున్నావా?

…సంతోషానికా. ఓహో.

…ఎవరు? పక్క కుర్చీ ముసలావిడా? జోసియాన్‌కి కూడా చదివి వినిపించేశావన్నమాట. ఏమంది? …చప్పట్లు కొట్టిందా, ఒక చెయ్యే ఖాళీగా ఉంటే తొడ మీద కొట్టుకుందా. బాగుంది. వార్డంతా పండగ.

…నేనేమీ అనటంలేదేమిటా? కాఫీ తాగుతున్నా తల్లీ.

…చెప్తాను, అభినందనలు చెప్తాను. ముందు నాకొకటి చెప్పు. వచ్చే బుధవారం ఏమిటి?

…ఆ. స్ట్రాస్‌బర్గ్‌లో విచారణ, ఐరోపా మానవహక్కుల కోర్టులో. ఎంతమంది జడ్జీలు? …పదిహేడు. నోరారా అను. పదిహేడుగురు. ఎవరి కోసం కూర్చుంటున్నారు? …నా కోసం కాదు, నీ కోసం. తలుపు మీద అంటించే కాగితంలో నీ ఇంటిపేరుంటుంది, బల్దే అని. మందులాపి రోగిని విమానం ఎక్కించి పంపడం తప్పా కాదా అని మొత్తం ఐరోపాకి చెప్పబోతున్నారు. నీ పేరు మీద. రేపటి నుంచి ఏ దేశంలో ఏ మిషనుకి కట్టేసి ఉన్నవాడినైనా పంపాలంటే ముందు నీ పేరు చదువుకోవాలి.

…ఆ, నువ్వు ఇవాళ సంతకం పెడితే ఏమవుతుందా? ఏమీ కాదు. పదిహేడుగురూ ఇంటికెళ్ళిపోతారు. అంతే.

…ఎందుకంటే గొడవ తీరిపోయింది కదా! ఆమెకి కాగితమొచ్చింది, ఇక మనకేం పని అని కేసు జాబితాలోంచి కొట్టేస్తారు. బుధవారం లేదు. తీర్పు లేదు. నువ్వు లేవు, నేను లేను. లెక్లుజ్ ఆ సాయంత్రం చేపల కూర తిని హాయిగా పడుకుంటాడు.

…నీకు కాగితం ఉంటుంది కదా అంటావా. ఉంటుంది. ఏడాదికి. ఒక్క ఏడాది, రగియాతూ. కేసు ఉన్నంతకాలం వాళ్ళకి నువ్వంటే భయం, అందుకని ఇస్తున్నారు. కేసు పోయాక వచ్చే ఏడాది పొడిగించండి మహాప్రభో అని ఆ ఆఫీసు కిటికీ దగ్గర నించున్నప్పుడు నీ మొహం ఎవడు చూస్తాడు?

…"వీలుతో" అని రాశారంటే వీలున్నప్పుడు అని అర్థం. ఎవరికి వీలు? నీకా?

…డాక్టరన్నాడా? ఏమన్నాడు?

…కాగితం వస్తే కిడ్నీ జాబితాలో పేరు రాస్తానన్నాడు.

…ఊఁ.

…సరే, రాస్తాడు. పేరెక్కిన మర్నాడే ఊడిపడుతుందా కిడ్నీ? నీ ముందు ఎంతమందుంటారో అడిగావా? …అడగలేదు. జోసియాన్ పేరు ఎక్కి ఎన్నాళ్ళయింది? …ఐదేళ్ళు. ఈ దేశంలోనే పుట్టి, ఇక్కడే పళ్ళూడిన మనిషికే ఐదేళ్ళు. నువ్వు ఒక్క ఏడాది కాగితంతో వెళ్ళి ఆ వరసలో ఆఖర్న నించుంటావు. బాగుంది.

…నేను కోప్పడట్లేదు. గొంతే అంత. మా ఆవిడ కూడా ఇదే మాటంటుంది.

చూడు, నీకొక సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నీకు ముందు మూడు కేసులు. ఒకడు కాంగో మనిషి, తర్వాత టోగో అమ్మాయి, తర్వాత ఆ ఆర్మేనియా దంపతులు. మూడింటినీ నీ కేసులాగే మెట్టుమెట్టూ ఎక్కించుకుంటూ తీసుకెళ్ళాను. ఆదివారాలు లేవు, సెలవుల్లేవు. సరిగ్గా విచారణ ముందు, ఇలాగే, ఒక ఉత్తరం. ఇలాగే ఏడుపు. ఇలాగే సంతకం. తర్వాత నాకేమొచ్చిందో తెలుసా? చాక్లెట్ల పెట్టె. అందరూ చాక్లెట్లే తెచ్చారు! ఈ లియేజ్ ఊళ్ళో వేరే ఏమీ దొరకవన్నట్టు. ఆ టోగో అమ్మాయి రిబ్బను కూడా కట్టింది.

…వాళ్ళు బతికే ఉన్నారు, ఆ. సంతోషంగానే ఉండుంటారు. నేనది అడగలేదు.

నువ్వు అలాంటిదానివి కాదనుకున్నాను.

…

…ఏడవకు. సూది ఉన్న చెయ్యి అదురుతుంది, నర్సు నన్ను తిడుతుంది.

ఒకటి చెప్పు. కెర్ఫల్లా కుర్చీలో ఇప్పుడెవరు కూర్చుంటున్నారు?

…తెలుసు, ఆ పేరు ఎత్తద్దన్నావు. ఎత్తాలి. కిటికీ పక్క కుర్చీ. మూడేళ్ళు నీ ఎదురుగా కూర్చున్నాడు. నీతో మీ భాషలో జోకులేసేవాడు. నాకు వాణ్ణి తెచ్చి చూపించింది నువ్వే. అప్పటికే అప్పీలు గడువు దాటిపోయింది. మీ దేశానికి, కోనాక్రీ విమానం ఎక్కించారు. ఎన్ని రోజులు బతికాడు?

…నేను చెప్పను. నువ్వే చెప్పు.

…పందొమ్మిది. మరి వాళ్ళావిడ ఫోన్ చేసినప్పుడు, ఇదే నా ఆఫీసులో, ఇదే కుర్చీలో కూర్చుని నువ్వేమన్నావు? "నా కేసు గెలిచి ఇంకెవర్నీ ఇలా పంపకుండా చేస్తాను వదినా" అన్నావా లేదా?

…అన్నావు. నేను విన్నాను. ఒడిల్ విన్నది.

…అప్పుడు తెలీదంటావేమిటి? ఇవాళ ఉత్తరం వచ్చేసరికి కెర్ఫల్లా మళ్ళీ చచ్చిపోయాడా?

…

…సారీ. …సరే, సారీ అన్నాగా. ఆ మాట ఎక్కువైంది.

…నర్సు వాళ్ళాయనా? ఎక్కడ పని? …మునిసిపాలిటీ ఎదురుగా, సెలూనా. ఆవిడ డ్యూటీ మూడింటికి దిగి, నీ కాగితం తనే పట్టుకెళ్ళి ఇచ్చేస్తానందా. ఓహో, అన్నీ అమర్చుకునే ఫోన్ చేశావన్నమాట. మరి నన్నెందుకు అడగటం?

…నేను చెప్పకుండా ఏదీ సంతకం పెట్టద్దన్నానా? …ఆ, అన్నాను. ఆరేళ్ళ కిందట. గుర్తుపెట్టుకున్నావు. మంచిదానివి.

అయితే విను, ఇప్పుడు చెబుతున్నాను. పెట్టద్దు.

…భయమేమిటి? దేనికి భయం? ఆరేళ్ళుగా నిన్ను విమానం ఎక్కించకుండా ఆపిందెవరు? మంత్రిగారి మానవత్వమా? స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఉత్తర్వు. విచారణ తేలేదాకా ఈమె ఒంటి మీద చెయ్యి వెయ్యద్దని. ఆ ఉత్తర్వు నేను తెచ్చాను. శుక్రవారం సాయంత్రం, నిన్ను వ్యానులో ఎక్కించాక. గుర్తుందా వ్యాను? …మరి! కేసున్నంతకాలం అది ఉంటుంది. కేసు పెద్ద జడ్జీల దాకా వచ్చింది. ఇక నిన్నెవడు కదుపుతాడు? నీకు వాళ్ళ ఏడాది కాగితం ఎందుకు? నీ తల మీద గొడుగుంది, ఇంకా టోపీ కూడా కావాలంటే ఎలా?

…గెలుస్తామా అంటే… గెలుస్తాం. …నేను నలభై నిమిషాల ప్రసంగం కంఠతా పట్టాను. అద్దం ముందు నించుని చెబుతుంటే మా ఆవిడ కూర మాడబెట్టింది. ఎలా మొదలుపెడతానో తెలుసా? నీ పేరుతో. "గౌరవనీయులారా, నిన్న సాయంత్రం రగియాతు బల్దే రక్తం ఆమె ఒంట్లో లేదు." అని ఆగుతాను. ఎంతసేపు ఆగాలో కూడా చూసుకున్నాను. నాలుగు సెకన్లు.

…బాగుందా? …చూశావా. నీకే ఒళ్ళు ఝల్లుమంది.

…ఇంకా ఏమిటి?

…మీ అమ్మని చూసి తొమ్మిదేళ్ళయింది. నాకు తెలుసు. కాగితముంటే ఆవిణ్ణి ఒకసారి ఇక్కడికి రప్పించుకోవచ్చని. …తెలుసు తల్లీ. తీర్పొచ్చాక ఆవిడే పేపర్లో నీ ఫోటో చూస్తుంది.

…చదవడం రాకపోతే ఫోటోకి చదువెందుకు?

సరే. ఇక నేను చెప్పేది చెప్పేస్తాను. పెట్టుకో సంతకం. నీ ఇష్టం. నీ ఒళ్ళు, నీ కాగితం. కానీ రేపట్నుంచి నేను నీ లాయర్ని కాను. …కోపం కాదు, పద్ధతి. కేసు లేకపోతే లాయరెందుకు? వచ్చే ఏడాది పొడిగింపుకి వేరే ఎవరినైనా చూసుకో. స్టేషను దగ్గర బోలెడంతమంది ఉన్నారు, ముందే ఫీజు తీసుకుని పేరు తప్పు రాస్తారు. నిన్ను వ్యానులోంచి దింపడానికి శుక్రవారం సాయంత్రం వాళ్ళు ఫోనెత్తుతారేమో కనుక్కో.

…లేదు, బెదిరించట్లేదు. ఉన్నమాట అంటున్నా.

…ఆలోచించుకో. నేను కాఫీ తాగుతా.

…

…

…ఏమిటి?

…గట్టిగా చెప్పు, మిషను మోతలో వినబళ్ళేదు.

…నేనేమంటే అదే అంటావా. అలా కాదు. "నేనే వద్దనుకుంటున్నాను" అను. …నీ నోటితో. …ఆ. అదీ. శభాష్. నా తల్లే. నాకు తెలుసు, నువ్వు చాక్లెట్ల రకం కాదు.

ఇప్పుడొక పని చెయ్. ఆ పత్రం ఉంది కదా, సంతకం పెట్టాల్సింది, ముద్ర ఉన్నది. దాన్ని చింపెయ్.

…ఎందుకా? నాలుగింటి దాకా నీ ఒళ్ళో ఉంటే నర్సు ఒకవైపు, జోసియాన్ ఒకవైపు చెవిలో జోరీగల్లా పోరుతారు. నీ మనసు నాకు తెలీదా? మూడున్నరకి ఏడుస్తావు, మూడూ ముప్పావుకి పెన్నడుగుతావు. వద్దు. నాకు వినబడేలా చింపు. నాకూ నిద్ర పట్టాలి కదా.

…ఒక చెయ్యే ఖాళీ. అవును కదా. పళ్ళతో పట్టుకో.

…నవ్వులాట కాదు. ఒక మూల పళ్ళతో పట్టుకుని, కుడిచేత్తో లాగు.

…జోసియానెందుకు అరుస్తోంది? ఆవిణ్ణి నోర్మూసుకోమను. నీ కాగితం, ఆవిడది కాదు.

…ఆ.

…ఆ, వినబడింది. ఇంకోసారి. …ఇంకోసారి. చిన్న ముక్కలు చెయ్. …భేష్.

నర్సుని పిలువు. ఆ పసుపు డబ్బా ఉంటుంది కదా, సూదులూ రక్తం గొట్టాలూ వేసేది. అందులో వేయించు. …ఏమంటోంది? …కాగితాలు అందులో వెయ్యకూడదంటోందా. రక్తం అంటుకుందని చెప్పు. …నిజంగానే అంటుకుందా? పెదవి తెగిందా? …అయ్యో. తుడుచుకో. సరే, ఇంకేం, వేసేయమను.

…మూత పడిందా? "టక్" మన్నది అదేనా? …ఒకసారి పడితే ఇక తెరుచుకోదు కదా ఆ డబ్బా, నేరుగా కాల్చెయ్యడానికేగా? …మంచిది. మంచిది తల్లీ.

ఇప్పుడు చెబుతున్నా, అభినందనలు.

…అదేమిటి, ఇంకా ఏడుపేనా? బుధవారం సంగతి మాట్లాడుకుందాం. మంగళవారం ఒడిల్ నిన్ను బండిలో తీసుకెళ్తుంది. స్ట్రాస్‌బర్గ్ ఆసుపత్రిలో మిషను కూడా మాట్లాడాం, మంగళవారం సాయంత్రం నీదే. బుధవారం పొద్దున —

ఏమిటి ఒడిల్? …తలుపు కొట్టి రావచ్చు కదా, మాట్లాడుతున్నాను.

…స్ట్రాస్‌బర్గ్ నుంచా? ఇప్పుడా? అక్కడ పెట్టు. …ఏమిటా మొహం? …ఇప్పుడే చదవాలా? సరే ఇలా ఇవ్వు.

రగియాతూ, ఒక్క నిమిషం లైన్లో ఉండు తల్లీ. పెట్టెయ్యకు.

…

…

"ప్రతివాది ప్రభుత్వం… దరఖాస్తుదారుకు నివాస అనుమతి ఇవ్వజూపిన దృష్ట్యా"…

…

…ఎన్నింటికొచ్చింది ఇది?

…

…హలో, రగియాతూ. ఉన్నావా. …ఏమీ లేదు, ఆఫీసు గొడవ. ఆ… ఒకటడుగుతాను. ఆ డబ్బా ఇంకా అక్కడే ఉందా?

…తీసుకెళ్ళిపోయారు. …ఎప్పుడు? …ఇప్పుడేనా. మనిషి బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. …లేదు, ఊరికే. ఊరికే అడిగాను. ముక్కలు ఎంతెంత చేశావు?

…చిన్నవి. నేనే చెయ్యమన్నాను కదా. అవును.

…నర్సు దిగిపోయిందా డ్యూటీ? …మూడింటికే. అవును, టైము మూడూ ఇరవై.

…ఎందుకు అడుగుతున్నానా? నీ పెదవికి మందేమైనా రాసిందేమోనని.

…ఎవరు, ఒడిలా? ఇక్కడే ఉంది, నిన్నడిగానని చెప్పమంటోంది. …హోటలు గది గురించి వచ్చింది తల్లీ, గది మార్చారట. మన ఒడిల్ సంగతి తెలుసుగా, గోరంతకి మొహం వేలాడేస్తుంది.

…ఏం వేసుకోవాలా?

…బుధవారానికి. ఆ.

…ఆ ఆకుపచ్చ బూబూ ఉంది కదా, ఈద్‌కి వేసుకున్నావే, అంచుకి బంగారు దారం. …అదే వేసుకో. జడ్జీలకి బాగా కనబడుతుంది. …తలగుడ్డ కూడా దానికి జతదే. …ఇస్త్రీ చేయించుకో.

…ఆ, నేను కూడా కొత్త గౌనులోనే.

…థాంక్స్ ఎందుకు తల్లీ. …లేదు, నువ్వు నాకు చెప్పాల్సిన పన్లేదు. …పడుకో కాసేపు. ఇంకా గంటన్నర ఉంది మిషను మీద. …ఉంటాను. ఆ, నేనే కట్ చేస్తాలే. నువ్వు చెయ్యి కదపకు. ఉంటాను.

…

తలుపు వెయ్యి, ఒడిల్.

…చదివాను. నాకు చదవడం వచ్చు. ప్రభుత్వం అనుమతి ఇవ్వజూపింది కాబట్టి ఆమెని పంపేసే ప్రమాదం ఇప్పుడు లేదు. ఆమె తీసుకున్నా తీసుకోకపోయినా ఒకటే. ఇవ్వజూపడమే చాలట. విచారణ రద్దు. కేసు కొట్టివేత. ఆమెని పంపద్దన్న ఉత్తర్వు ఇవాళ్టితో ఆఖరు. రెండు పేజీలు. నాలుగు కేసుల మీద పదకొండేళ్ళు, దానికి రెండు పేజీలు, ఒడిల్! రెండోదానిలో సగం ఖాళీ.

…తెలుసు, ఆమె దగ్గర ఇప్పుడు కాగితమూ లేదు, ఉత్తర్వూ లేదు. నాకు తెలీదనుకున్నావా?

…నేనే చింపించాను. అవును. నువ్వు గోడ అవతల్నుంచి విన్నావుగా. ఇవ్వజూపినంత మాత్రానే కొట్టేస్తారని నాకు తట్టలేదు. తట్టిందేమో. నాకు బుధవారం కావాలి, అంతే.

…ఎవరికి ఫోన్ చెయ్యాలి? లెక్లుజ్‌కా? ఇప్పుడా? "అయ్యా, నా క్లయింటు చేత మీ కాగితం నేనే పళ్ళతో చింపించాను, ఇంకొకటి దయచేయించండి" అనా? …సోమవారానికి కోర్టు క్యాంటీన్లో ప్రతి బల్ల దగ్గరా అదే జోకు. వాడు నా గౌను మీద దుమ్ము దులుపుతాడు. చస్తే చెయ్యను.

…ఇంకా ముప్పావుగంట కూడా లేదు. మూడూ ఇరవై ఆరు.

…నువ్వు చేస్తావా? ఏ హోదాలో? నా పేరు కింద ఉద్యోగం చేస్తూనా? కూర్చో.

కూర్చోమన్నానా.

ఏడవకు. అరటిపళ్ళకి ఏడ్చావు, దీనికీ ఏడుపేనా. ఫైలు తియ్యి. ఫోన్ మాట్లాడిన ప్రతిసారీ నోటు రాయాలని నేర్పానా లేదా? రాయి. తేదీ. టైము రెండూ నలభై నుంచి మూడూ ఇరవై నాలుగు. "క్లయింటుతో ఫోన్ సంభాషణ. ప్రభుత్వ ప్రతిపాదన సారాంశం క్లయింటుకు పూర్తిగా వివరించడమైనది." …రాయి. "తిరస్కరిస్తే కలిగే నష్టాలు తెలియజేయడమైనది."

…తెలియజేశానా లేదా అన్నది నీకెందుకు? రాయి.

"క్లయింటు పూర్తి తెలివిలో, తన ఇష్టప్రకారం, 'నేనే వద్దనుకుంటున్నాను' అని చెప్పారు." …కొటేషన్లో పెట్టు. ఆ మాట ఆమె నోటిదే కదా. అందుకే కదా అనిపించింది. "పత్రాన్ని క్లయింటే స్వయంగా ధ్వంసం చేశారు."

చుక్క పెట్టు.

…ఆమెకి ఎప్పుడు చెప్పాలా? చెప్పం. రాస్తాం. ఇలాంటివి ఫోన్లో చెప్పకూడదు, మర్యాద కాదు. సోమవారం ఉత్తరం వెయ్యి. మామూలు టపాలో.

…బూబూ ఇస్త్రీ చేయించుకుంటే చేయించుకోనీ. నాలుగు రోజులు సంతోషంగా ఉంటుంది. అంతకంటే ఎవరేం ఇవ్వగలరు ఆమెకి? ఉత్తర్వు లేకపోతే వాళ్ళు నెల లోపే వస్తారు, వ్యానుతో. తర్వాత పందొమ్మిది రోజులు, ఇరవై రోజులు… ఆడవాళ్ళు కొంచెం ఎక్కువ లాగుతారంటారు.

…అలా చూడకు. నాకేం సంతోషంగా లేదు. నా బుధవారం పోయింది, ఒడిల్. నాలుగు సెకన్లు ఆగాలని ఎన్నిసార్లు అద్దం ముందు…

…ఏమిటి?

…ఏది?

…ఫోనా? కట్ చేశానుగా. …చెయ్యలేదా?

…

హలో…?

…రగియాతూ? లైన్లో ఉన్నావా తల్లీ? పడుకున్నావు కదూ?

…

…ఎప్పట్నుంచి వింటున్నావు?

…అది నీ గురించి కాదు. వేరే కేసు. వేరే ఆవిడ, ఆవిడక్కూడా… రగియాతూ, చూడు, ఇంకా టైముంది. అరగంట ఉంది. నేను ఇప్పుడే లెక్లుజ్‌కి —

…అడుగు. ఏమైనా అడుగు.

…పళ్ళతో పట్టుకుని చింపమన్నదెవరా?

…

ఆ… నేనే.

…హలో? …తనే కట్ చేసేసింది.